సి లో ఏళ్ళ తరబడి కోడు రాసినోళ్ళు ఓఓపీ ఎక్కడ పట్టుకోవాలంటే

సి లోనో ఫాక్స్‌ప్రోలోనో ఏళ్ళు గడిపేసి ఓఓపీ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్, డేటానీ దాని మీద పనిచేసే ఫంక్షన్లనీ ఒక్క చోట కట్టి రాసే పద్ధతి) నేర్చుకుందామని ఏ ట్యుటోరియల్ తెరిచినా కుక్క ఒక క్లాసు (ఆబ్జెక్టులు తయారుచేసే అచ్చు), అది జంతువు నుంచి ఇన్‌హెరిట్ అవుద్ది (దాని గుణాలు తెచ్చుకుంటాది), భౌ అంటాది అనే మొదలెడతారు, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి కూలీ లెక్కల ప్రోగ్రాం రాసేవాడికి ఆ కుక్కతో ఏటండీ పని?

అసలు మీకు సగం వచ్చేసినట్టే. ఫైలు తెరవడానికి ఎఫ్‌ఓపెన్ కొడితే ఒక పాయింటర్ వస్తాది కదా, దాని లోపల బఫర్ ఎలా ఉందో ఎప్పుడైనా తొంగి చూశారా? లేదు, ఎఫ్‌రీడ్‌కీ ఎఫ్‌క్లోజ్‌కీ అది ఇచ్చేస్తే పనైపోద్ది. ఎన్‌క్యాప్సులేషన్ అంటే అంతే. ప్రతి ఫంక్షన్‌కీ మొదటి ఆర్గ్యుమెంట్‌గా మీరు పంపే స్ట్రక్ట్ పాయింటర్ పైథాన్‌లో సెల్ఫ్, సి ప్లస్ ప్లస్‌లో దిస్. సి ప్లస్ ప్లస్ కూడా 1979లో "సి విత్ క్లాసెస్" గానే మొదలైంది, 1983లో పేరు మారింది.

ఇప్పుడు మీ పాత కోడు తీసి స్విచ్‌లు (ఇదైతే ఇలా, అదైతే అలా అని కేసులు విడదీసే చోట్లు) వెతకండి. ఒకే స్విచ్ మూడు చోట్ల కనబడిందా, అక్కడుంది మీ క్లాసు. జీడి ఫ్యాక్టరీనే తీసుకోండి, పీలింగ్ చేసే ఆడోళ్ళకి కిలో లెక్క, బాయిలర్ దగ్గరోళ్ళకి రోజు కూలీ, గుమస్తాకి నెల జీతం, ఈ మూడు కేసులూ వారం చెల్లింపులో ఉంటాయి, అడ్వాన్సు కోతలో ఉంటాయి, రిపోర్టులో మళ్ళీ ఉంటాయి. రేపు ఓనరుగారు ప్యాకింగోళ్ళకి టిన్ను లెక్కన ఇద్దాం అన్నారంటే అన్ని చోట్లా తిరగాలి, ఒకటి మర్చిపోతే శనివారం సాయంత్రం గేటు దగ్గర గొడవే. ఒక్కో కేసునీ చిన్న క్లాసు చేసి, అన్నిటికీ "కూలీ ఎంత" అనే ఒకే మెథడ్ (క్లాసు లోపలి ఫంక్షన్) పెట్టండి, పిలిచే కోడుకి లోపల ఏ లెక్కో తెలీక్కర్లేదు. పాలిమార్ఫిజం అని భయపెట్టేది దీన్నే. టిన్ను లెక్క వస్తే కొత్త క్లాసు ఒకటి రాసి, మనిషిని చేర్చేచోట ఒక లైను కలిపితే సరి, పాత లెక్కల జోలికి పోనక్కర్లేదు.

అలాగని దొరికిందల్లా క్లాసు చేసేకండి. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అనే జీడిపప్పు గ్రేడులకి వేరే వేరే క్లాసులు దండగ, 320 అంటే పౌనుకి 300 నుంచి 320 పప్పులు, 240 అయితే 220 నుంచి 240, మారేది అంకే, ధరే, చేసే పని కాదు. అది డేటా, టేబుల్లో పడెయ్యండి. పైసలు రౌండ్ చేసే ఫంక్షన్‌ని ఫంక్షన్‌గానే ఉంచండి, దానికి క్లాసు తొడగడం ఎందుకు.

ఇన్‌హెరిటెన్స్‌కి మాత్రం బేగి పడిపోకండి. కార్మికుడు అనే క్లాసు నుంచి కిలోకార్మికుడు, నెలకార్మికుడు అని లాగేస్తే చూడ్డానికి బావుంటాది, కానీ పీలింగ్ చేసే ఆమెని సీజను మధ్యలో నెల జీతానికి మారిస్తే ఏటి చేస్తారు, ఆబ్జెక్ట్ పుట్టాక క్లాసు మార్చుకోదు కదా (పైథాన్‌లో మార్చొచ్చు, మార్చకండి), కొత్తది తయారుచేసి పాత అడ్వాన్సులన్నీ దాన్లోకి మొయ్యాలి. కార్మికుడు ఒక్కటే క్లాసు, దాని లోపల కూలీ లెక్క ఒక ఆబ్జెక్ట్, మారిస్తే ఆ ఒక్కటి మార్చండి.

మొత్తం ప్రోగ్రాం తిరగరాయడానికి దిగకండి, ఆ కూలీ స్విచ్ ఒక్కటే మార్చి, పోయిన నెల హాజరు పాతదానికీ కొత్తదానికీ ఇచ్చి, పైసాతో సహా కలిసాకే రెండో స్విచ్ ముట్టుకోండి.