గీత సన్నబడిన చోటే ఫోకస్

కొబ్బరి చిప్పల మీద, ప్లైవుడ్ మీద అక్షరాలు చెక్కే మా అమలాపురం ఇంటి డయోడ్ లేజర్ యంత్రం, వానాకాలం రాగానే పలక ఒక అంచున సన్నని గీతను, మరో అంచున అలికినట్లు వెడల్పాటి మసి గీతను ఇవ్వసాగింది. పవర్ పెంచితే మాడు పెరిగిందే తప్ప లోతు పెరగలేదు.

కరెంటు తీసి, లెన్సుకు పట్టిన పొగ జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో మెల్లగా తుడిచాను. తరువాత ఒక చెక్కను ఏటవాలుగా ఉంచి, పొడవునా ఒకే గీత గీయించి, అది అన్నిటికంటే సన్నగా పడిన చోట, అంటే కిరణం సరిగ్గా ఫోకస్ అయిన చోట, లేజర్ తలకు, చెక్కకు మధ్యనున్న ఎత్తును కొలిచి, దానినే స్థిరపరిచాను. అసలు కారణం మాత్రం తేమకు వంగిన ప్లైవుడ్. దానిని ఇనుప పలకపై అయస్కాంతాలతో అదిమి ఉంచాక గీత అంతటా సమంగా పడింది. చెక్కే చోట గాలి ఊదే అమరిక (ఎయిర్ అసిస్ట్) పొగను తోసివేయడంతో అంచుల మరకలూ తగ్గాయి.

దాదాపు 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఈ లేజర్ నీలి కాంతికి తగిన రక్షణ కళ్లద్దాలు లేకుండా ఈ పరీక్ష ఎవరూ చేయవద్దు.