ఇథనాల్ రియాక్టర్‌లోకి గాలి వదిలే ముందు

చెరకు, మొక్కజొన్న నుంచి తీసిన ఇథనాల్‌ను వేడి జియోలైట్ (సన్నని రంధ్రాలున్న ఖనిజం; ఇక్కడ కెటలిస్ట్, అంటే చర్యను వేగవంతం చేసే పదార్థం) మీదుగా పంపితే నీరు విడిపోయి ఇథిలీన్ వస్తుంది. పాలిథీన్‌కు ముడిసరుకు అదే. ల్యాబ్‌లో ఈ పనికి కొత్తగా వచ్చినవాళ్లు రన్ నడుస్తున్నంతసేపూ కళ్లలో వత్తులు వేసుకుని చూస్తారు. రన్ ముగియగానే కాస్త ఊపిరి పీల్చుకుంటారు. నా దృష్టిలో అసలు గండం అప్పుడే మొదలవుతుంది.

వాడేకొద్దీ జియోలైట్ సన్నని రంధ్రాల్లో కోక్ (బొగ్గులాంటి కార్బన్ మసి) పేరుకుని తెల్లటి గుళికలు నల్లబడతాయి. దాన్ని కాల్చేయడానికి 500-550 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలి పంపుతాం. ఇథనాల్ ఆవిరి గాలిలో 3.3 నుంచి 19 శాతం వరకు ఉంటే మండుతుంది. ఇథిలీన్‌కైతే ఆ పరిధి 2.7 నుంచి 36 శాతం. పైగా ఇథనాల్ తనంతట తాను అంటుకోవడానికి 400 డిగ్రీలు కూడా అక్కర్లేదు. లైన్‌లో కాస్త ఆవిరి మిగిలి ఉంటే చాలు, నిప్పురవ్వతో పనే లేదు.

అందుకే పంపు ఆపి ఊరుకోకండి, ఫీడ్ వాల్వ్ (ఇథనాల్ లోపలికి వచ్చే దారి) కూడా మూసేయండి. గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌లో (గ్యాస్‌లో ఏమేం ఉన్నాయో విడదీసి చూపే పరికరం) ఇథనాల్, ఇథిలీన్ పీకులు (అవి ఉన్నాయని చూపే గ్రాఫు శిఖరాలు) పూర్తిగా పోయేదాకా నైట్రోజన్ పంపండి. టైమ్ చూసి కాదు, పీకులు చూసి నిర్ణయించండి. ఆ తర్వాత కూడా గాలిని నైట్రోజన్‌తో బాగా పలుచన చేసి, ఆక్సిజన్ ఒకటి రెండు శాతం ఉండేలా మొదలుపెట్టండి. థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్) కొలిమి గోడకే కాదు, కెటలిస్ట్ మధ్యలోనూ ఉండాలి. లోపలి వేడి ఒక్కసారిగా ఎగబాకితే గాలి ఆపేయండి, నైట్రోజన్ ఆపకండి. మళ్లీ ఇథనాల్ పంపే ముందు కూడా నైట్రోజన్‌తో గాలిని తరిమేయాల్సిందే.

నైట్రోజన్‌కు వాసన ఉండదు. చిన్న గదిలో లీకైతే మనిషి తెలియకుండానే కుప్పకూలతాడు. ఆక్సిజన్ అలారం లేకుండా పని పెట్టుకోవద్దు.

వేడి తక్కువైతే ఇథిలీన్‌కు బదులు ఈథర్ ఎక్కువగా తయారవుతుంది. దాని ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వచ్చే కనీస ఉష్ణోగ్రత) మైనస్ 45 డిగ్రీలు. నిల్వ ఉంచితే పెరాక్సైడ్లు పుడతాయి. పేలే గుణం వాటిది. కండెన్సేట్ (చల్లబడి ద్రవంగా మారిన ఆవిరి) సీసా మీద తేదీ రాయండి, మామూలు ఫ్రిజ్‌లో పెట్టకండి. ఇథనాల్ నుంచి బ్యూటాడయీన్ (కృత్రిమ రబ్బరుకు ముడిసరుకు) కోసం చేసే ప్రయోగమైతే ఇంకా జాగ్రత్త. అది క్యాన్సర్ కారకం, వెలుపలికి వచ్చే గ్యాసంతా ఫ్యూమ్ హుడ్‌లోకే (వాయువులను బయటికి లాగేసే ల్యాబ్ గూడు) పోవాలి.

ఇథనాల్ మంట పగటి వెలుతురులో సరిగా కనబడదు. లీక్ అనుమానం ఉంటే చేయి పెట్టి వెతకకండి, ముందు ఫీడ్ ఆపండి.