ద్రావిడుల మూలాల మీద వాదం ఎదురైతే పరీక్షించే పద్ధతి

ద్రావిడులు సింధులోయ వాళ్లన్నా, ఇరాన్ నుంచి వచ్చారన్నా, మొదటి నుంచీ దక్కను వాళ్లేనన్నా, ముందు వలసల బాణాలు గీసిన పటం పక్కన పెట్టండి. కాగితం మీద ఆరు నిలువు గళ్లు గీయండి: తెలుగు, తమిళం, కన్నడం, గోండి, కురుఖ్ (ఝార్ఖండ్ వైపు భాష), బ్రాహుయీ (పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్ భాష). ద్రావిడం అనేది ముందుగా ఒక భాషాకుటుంబం పేరు, కాబట్టి సాక్ష్యం మాటల దగ్గరే మొదలవుతుంది.

ముప్పై మాటలు చాలు. ఒంటి భాగాలు, చిన్న అంకెలు, రోజూ వాడే క్రియలు తీసుకోండి. అమ్మ, అప్ప లాంటివి వద్దు. పసిపిల్లల నోట అలాంటి మాటలు ఎన్నో భాషల్లో వినిపిస్తాయి. సంస్కృతం నుంచి వచ్చినవీ వదిలేయండి. గళ్లు నింపడానికి భాషావేత్తలు బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (రెండో కూర్పు, 1984) షికాగో విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఉంది.

పోలిక చూసి మోసపోకండి. తమిళంలో 'కొల్' అంటే చంపు. ఇంగ్లీషు 'కిల్' అచ్చం అలాగే ఉంది, కానీ అది కాకతాళీయం. చుట్టరికాన్ని పట్టిచ్చేది క్రమం తప్పని మార్పు. మన పాలు, పులి, పేను కన్నడంలో హాలు, హులి, హేను. తమిళ ఏఴు, కోఴి మనకు ఏడు, కోడి. తమిళ 'మరం' మన దగ్గర మ్రాను, ఆపైన మాను, 'ఇరండు' రెండు. అచ్చు ఇలా హల్లును దాటి జరగడం తెలుగుకూ, గోండి, కుయి లాంటి దాని దగ్గరి చుట్టాలకూ ఉన్న లక్షణం. ఒక్క జంటలో కనబడే మార్పుకు విలువ లేదు, కనీసం నాలుగైదింటిలో రావాలి.

ఈ జల్లెడలో ఎక్కువగా చిక్కేది ఇరాన్ వాదం. ఇరాన్‌లోని ప్రాచీన భాష ఎలమైట్‌తో ద్రావిడానికి చుట్టరికం ఉందని భాషావేత్త మెక్‌ఆల్పిన్ 1970ల నుంచి వాదించాడు. పోలిన మాటల జంటలు తక్కువ, అర్థాలను సాగదీయాల్సి వస్తుంది. ద్రావిడ భాషల పండితుడు భద్రిరాజు కృష్ణమూర్తి ఒప్పుకోలేదు, అదే సబబు.

బలూచిస్తాన్‌లోని బ్రాహుయీని సింధు నాగరికత శేషమని చూపిస్తారు. అక్కడ అరువు మాటలు చూడండి. కన్నుకు 'ఖన్' అంటారు, అది ద్రావిడమే. నాలుగు నుంచి పైకి అంకెలు మాత్రం అరువు. ఇరానీ అరువుల్లో బలోచీ పొరే ప్రధానం, అవెస్తా (ప్రాచీన ఇరానీ మతగ్రంథం) కాలపు పాత పొర కనబడదు. బలోచీలు అటు చేరింది సుమారు వెయ్యేళ్ల కిందట. అంతకు ముందునుంచీ అక్కడే ఉంటే పాత పొర కూడా ఉండాలి. అందుకే బ్రాహుయీలే ఆలస్యంగా వలస వెళ్లారనే వాదం నాకు బరువైనదిగా తోస్తుంది.

కాలం, చోటు వేరువేరు ప్రశ్నలు. 2018లో 20 భాషల మాటలతో వేసిన లెక్క కుటుంబం వయసు సుమారు 4500 ఏళ్లని చెప్పింది; పుట్టినచోటు చెప్పలేదు. హర్యానాలోని సింధు నాగరికత స్థలం రాఖీగఢీలో దొరికిన ఎముకల డీఎన్ఏ (2019) ఒక స్త్రీ వంశం చెప్పింది. ఆమె మాట్లాడిన భాష అందులో ఉండదు.

చోటు కోసం పంటల పేర్లు పట్టుకోండి. పెసలు, కన్నడ హెసరు, తమిళ పయఱు: ప-హ మార్పు సరిపోయింది. స-య మార్పుకు ఉసురు, ఉయిర్ తోడున్నాయి. బళ్లారి దగ్గరి సంగనకల్లులో కొత్త రాతియుగపు పొరల్లో మాడిన పెసర, ఉలవ గింజలు దొరికాయి. మాట, గింజ ఒకేచోట కలిశాయని సంబరపడే ముందు ఉత్తరపు శాఖలైన కురుఖ్, బ్రాహుయీ గళ్లు చూడండి. అవి ఖాళీగా ఉంటే ఆ మాట దక్షిణపు శాఖలకే సాక్ష్యం, మొత్తం కుటుంబానికి కాదు.