అడుగు పంక్తిలో ఆవిడ పేరు: 17వ శతాబ్దపు లండన్ కరపత్రాల్లో స్త్రీ ముద్రాపకుల్ని గుర్తుపట్టే పద్ధతి

1640–1720 మధ్య లండన్‌లో అచ్చయిన రాజకీయ కరపత్రం స్కాన్ తెరిస్తే చాలామంది రచయిత పేరు చూసి లోపలికి వెళ్లిపోతారు. ఆడవాళ్లు ఎక్కువగా కనిపించేది ముఖపత్రం అడుగునున్న రెండు మూడు పంక్తుల్లో. ప్రెస్సు నడిపినవాళ్లు, కాగితానికి డబ్బు పెట్టినవాళ్లు, కొట్లో అమ్మి జైలుకెళ్లినవాళ్లు అక్కడ ఉంటారు. పుస్తక వ్యాపారుల సంఘమైన స్టేషనర్స్ కంపెనీలో సభ్యుడు చనిపోతే భార్య ఆ వ్యాపారాన్ని తన చేతుల మీదుగా నడుపుకోవచ్చు, అప్రెంటిసుల్ని పెట్టుకోవచ్చు. అందుకే ఈ కాలంలో యజమానులైన స్త్రీలలో వితంతువులే ఎక్కువ. అయితే వాళ్ల పేర్లు పూర్తిగా రాసి ఉండటం అరుదు.

ముందు ముఖపత్రం అడుగునున్న ఆ ముద్రణ పంక్తిని మూడు ముక్కలుగా విడగొట్టండి. 'ప్రింటెడ్ బై' తర్వాత వచ్చేది ప్రెస్సు యజమాని. 'ఫర్' తర్వాత వచ్చేది పెట్టుబడి పెట్టినవాళ్లు. 'సోల్డ్ బై' తర్వాత వచ్చేది అమ్మిన కొట్టు. ఒకే పేరు రెండు చోట్ల ఉండొచ్చు, ఏదో ఒక ముక్క అసలే లేకపోవచ్చు. ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో 'ఇ. సి.' అనే పొడి అక్షరాల దగ్గర తెలుస్తుంది. 1660ల్లో ఇవి ఎలెన్ కోట్స్‌వి కావచ్చు, ఎలిజబెత్ కాల్వర్ట్‌వి కావచ్చు, ఎడ్వర్డ్ క్రౌచ్ అనే మగ ప్రింటరువి కూడా కావచ్చు. కోట్స్, క్రౌచ్ ప్రెస్సు ఉన్నవాళ్లు. కాల్వర్ట్‌ది పుస్తకాల కొట్టు. 'ఫర్ ఇ. సి.' అని ఉంటే మొదట కాల్వర్ట్ వైపు చూడాలి, 'బై' అని ఉంటే మిగతా ఇద్దరి వైపు. పొడి అక్షరాలు చూసి మగవాడనుకోవడం ఈ పనిలో అందరూ చేసే తప్పు. 1702 మార్చి 11న మొదలైన తొలి ఇంగ్లీషు దినపత్రిక డైలీ కూరంట్ అడుగున ఉన్న 'ఇ. మ్యాలెట్' ఎలిజబెత్ మ్యాలెట్. వారిక్ లేన్‌లోని 'ఎ. బాల్డ్విన్', 1698లో భర్త రిచర్డ్ పోయాక వ్యాపారం నడిపిన అబిగెయిల్.

పేరు తెగిపోయినచోట చిరునామా పట్టుకోండి. ఇంటి నంబర్లు లేని ఊరు కాబట్టి కొట్టు గుర్తుబోర్డే చిరునామా. మనుషులు మారినా బోర్డు చాలాసార్లు అలాగే ఉండేది. హానా అలెన్ భర్త బెంజమిన్ 1646లో చనిపోయాడు. పోప్స్ హెడ్ ఆలీలో 'కిరీటం' గుర్తున్న కొట్టును ఆమె సొంత పేరుతో నడిపింది. తర్వాత లైవ్‌వెల్ చాప్‌మన్‌ను పెళ్లాడగానే ముఖపత్రాల మీద ఆమె పేరు పోయి అతని పేరు వచ్చింది; కిరీటం మాత్రం అక్కడే ఉంది. పేరు ఆగిపోయిందంటే ఆ మనిషి పని మానేసిందనుకోకూడదు. అదే గుర్తు కింద తర్వాతి రెండు మూడేళ్ల పుస్తకాలు వెతికి, పెళ్లి జరిగిందేమో చూడండి.

దీనికి ఎదురు సమస్యా ఉంది. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల ముద్రాపకురాలు టేస్ సౌల్ 1691లో తండ్రి ఆండ్రూ ప్రెస్సును చేతుల్లోకి తీసుకుని 'టి. సౌల్' పేరుతో అచ్చువేసింది. 1706లో థామస్ రేల్టన్‌ను పెళ్లాడాక పంక్తిలో తల్లి జేన్ పేరు, 'జె. సౌల్', కనబడటం మొదలైంది. జేన్ 1711లో చనిపోయినా ఆ పేరు ముఖపత్రాల మీద చాలా ఏళ్లు కొనసాగింది. 1720 నాటి 'జె. సౌల్' చూసి ప్రెస్సు నడిపింది జేన్ అని రాస్తే తప్పు.

డేటాబేసులో వెతికేటప్పుడు ఆనాటి అక్షరాలు దెబ్బకొడతాయి. పొడుగు 'ఎస్' అచ్చం 'ఎఫ్'లా ఉంటుంది కనుక యంత్రం చదివిన పాఠంలో 'సోల్డ్ బై' కాస్తా 'ఫోల్డ్ బై' అవుతుంది. రెండు రకాలుగానూ వెతకండి. 'డబ్ల్యూ' బదులు రెండు 'వి'లు పెట్టడం మామూలే. వితంతువు అన్న మాటకు 'విడో', రెండు 'డి'లతో 'విడ్డో', 'రెలిక్ట్' అన్నీ ప్రయత్నించాలి. పాత ఇంగ్లీషు పుస్తకాల ఆన్‌లైన్ భాండారమైన ఈబో–టీసీపీలో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. కానీ అవి టైపు చేసిన పాఠాలే, పేజీ బొమ్మలు ఉండవు. కింద చెప్పే అలంకారాల పరిశీలనకు పనికిరావు.

తర్వాత కాగితం మడత. ఇది స్క్రీన్ మీద చూస్తే అర్థం కాదు, చేత్తో చేయాలి. ఒక ఎ4 కాగితాన్ని పొట్టి అంచులు కలిసేలా సగానికి మడవండి, దానికి అడ్డంగా మరోసారి సగానికి మడవండి. కోయకుండా మూలలు ఎత్తి 1 నుంచి 8 దాకా పేజీ నంబర్లు వేసి విప్పండి. ఒక వైపు 1, 4, 5, 8 ఉంటాయి, రెండో వైపు 2, 3, 6, 7. సగం తలకిందులుగా ఉంటాయి. ఇదే క్వార్టో, ఆ కాలపు కరపత్రానికి మామూలు రూపం. ఒక్కో వైపు ఒక ఫారం, అంటే ఒకేసారి అచ్చుపడే నాలుగు పేజీల అక్షరాల చట్రం. ఇద్దరు మనుషులు చెక్క ప్రెస్సు మీద గంటకు 250 షీట్లు ఒక వైపు తీయడం ఆనాటి లెక్క. 8 పేజీల కరపత్రం 1,000 ప్రతులకు 2,000 సార్లు తీయాలి, అంటే 8 గంటలు. కాగితం రెండు రీములకు కాస్త అటూ ఇటూ. ఒకే ప్రెస్సు ఉన్న వితంతువు కూడా, అక్షరాలు కూర్చడం అయిపోయి ఉంటే, ఒక్క రోజులో రాజకీయాన్ని వీధిలోకి పంపగలిగేది ఇందుకే.

పేజీ అడుగున ఎ, ఎ2, ఎ3 అనే గుర్తులు షీట్ల వరుస చెబుతాయి. 23 అక్షరాల వరస వాడేవారు. 'జె', 'డబ్ల్యూ' ఉండవు, 'యు', 'వి'లలో ఒకటే ఉంటుంది. 'ఐ' తర్వాత నేరుగా 'కె' వస్తే ఆకు పోయిందని కంగారుపడకండి. ఇంకో జాగ్రత్త: తొందర కోసమో, దొరక్కుండా ఉండటానికో ఒకే కరపత్రం షీట్లను రెండు మూడు ప్రెస్సులకు పంచేవారు. 'ఎ' షీటు మీద దొరికిన ఆధారం 'సి' షీటుకు వర్తించదు. ఒక్కో షీటును విడిగా పరీక్షించాలి.

అలంకారాల పరిశీలన ఓపిక అడుగుతుంది, ఫలితమూ ఇస్తుంది. పేజీ పైన చెక్క దిమ్మతో అచ్చువేసిన అలంకారపు పట్టీ, మొదటి పేరాలో పెద్దక్షరం చుట్టూ ఉన్న పువ్వుల చట్రం: ఇవి భర్త నుంచి భార్యకు సామానుతో పాటు వచ్చేవి. పగుళ్లు, విరిగిన మూలలు, పురుగు తొలిచిన చుక్కలు చూడండి. పేరున్న పుస్తకంలోని పట్టీకి, పేరులేని కరపత్రంలోని పట్టీకి ఒకే చోట ఒకే పగులు ఉంటే గట్టి ఆధారం దొరికినట్టే. ఒట్టి డిజైను పోలిక చాలదు, ఒకే నమూనాకు నకళ్లు చెక్కించుకునేవారు. కొలిచేటప్పుడు ఒకటి రెండు శాతం తేడాను పట్టించుకోవద్దు: తడిపిన కాగితం మీద అచ్చువేసేవారు, ఆరాక అది ముడుచుకుంటుంది. పట్టీలు అరువుకీ పోయేవి, అమ్ముడూ పోయేవి కనుక ఒక్కదాని మీద ఆధారపడకుండా రెండు మూడు దొరికాకే తేల్చండి.

తేదీ విషయంలో ఆనాటి ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. మొదటి చార్లెస్ తల నరికిన 1649 జనవరి 30ని అప్పటివాళ్లు 1648 అనే రాశారు. అంతర్యుద్ధ కాలపు కరపత్రమైతే జార్జ్ థామసన్ పోగుచేసిన ప్రతి ఉందేమో చూడండి. ఈ పుస్తక వ్యాపారి 1640–1661 మధ్య దాదాపు 22,000 ముద్రణలు సేకరించి, చాలావాటి మీద చేత్తో తేదీ వేశాడు. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

ముద్రణ పంక్తి అసలే లేకపోతే? మన ఊళ్లలో కరపత్రం కింద ప్రెస్సు పేరూ ఊరూ వేయించింది 1867 నాటి చట్టం. అలాంటి షరతే ఇంగ్లండు 1662 చట్టంలో ఉంది. పేరు దాచారంటే కారణం ఉంది: 1664లో జాన్ ట్విన్ అనే ప్రింటరుకు రాజద్రోహం కింద మరణశిక్ష వేశారు. 1661లో రాజుకు వ్యతిరేకంగా వచ్చిన మిరాబిలిస్ ఆనస్ మీద ఏడాది తప్ప ఏమీ లేదు. కాల్వర్ట్ దంపతులకు దానితో ఉన్న సంబంధం అరెస్టులు, సోదాల కాగితాల వల్లే తెలుస్తుంది. రెండో చార్లెస్ కాలపు ప్రభుత్వ పత్రాలు లండన్‌లో క్యూ అనే ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎస్పీ 29 శ్రేణిలో ఉన్నాయి. వాంగ్మూలాల్లో పనివాళ్ల, పనిమనిషుల మాటలు వదలకండి. ఎవరు షీట్లు మోశారు, ఎవరు మడతపెట్టారు అన్నది అక్కడ దొరుకుతుంది.

శీర్షికలో స్త్రీ ఉంటే రచయిత్రి అని వెంటనే నమ్మకూడదు. 1647లో వచ్చిన స్త్రీల పార్లమెంటు కరపత్రం హెన్రీ నెవిల్‌దిగా చెబుతున్న ఎగతాళి రచన. మరోవైపు 'మిసెస్ జేమ్స్' అని శీర్షికలోనే పేరు వేసుకున్న ఎలినర్ జేమ్స్ నిజమైన మనిషి. ప్రింటరు థామస్ జేమ్స్ భార్య. 1681–1716 మధ్య దాదాపు 90 కరపత్రాలు రాసి అచ్చువేసింది, మూడో విలియం కిరీటం తీసుకోవడాన్ని ఖండించి 1689లో న్యూగేట్ జైలుకెళ్లింది. పేరుకు బయట నుంచి ఒక్క సాక్ష్యమైనా, జైలు రికార్డో సంఘం రిజిస్టరో, దొరికితే గట్టిగా రాయొచ్చు.

మీ జాబితాలో ముఖపత్రం మీద ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో రాయండి: 'ఇ. సి.' అంటే 'ఇ. సి.' అనే. మీరు తేల్చిన పేరు పక్క గడిలో చదరపు కుండలీకరణంలో, [ఎలిజబెత్ కాల్వర్ట్] అని. అనుమానముంటే ప్రశ్నార్థకం పెట్టి, మూడో గడిలో ఏ ఆధారంతో, ఏ షీటు నుంచి అన్నది రాసిపెట్టండి.