ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉంటే, చూసుకునేవాళ్ళు కూలబడకుండా ఉండాలంటే

మా నాన్నకి పక్షవాతం వచ్చి పధ్నాలుగు నెలలైంది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకే పొద్దున పోయాయి. అప్పటినుంచి తెనాలిలో మా ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ నాకు చెప్పిన సలహా ఒక్కటే, ధైర్యంగా ఉండు బాబూ అని. మంచి మనసుతోనే అన్నారు, కాదనను. కానీ రాత్రి మూడింటికి తడిసిన పక్క మార్చి, మళ్ళీ నాలుగున్నరకి లేచి ఇంకోసారి మార్చిన మనిషికి ఆ ధైర్యం ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పలేదు. నా మటుకు నాకు నిద్రపోయిన రోజున అది ఉంది, నిద్రలేని రోజున లేదు, అంతే. అందుకే ఇక్కడ రాసేవన్నీ ఏర్పాట్లే, మీ ఇంట్లో ఎవరైనా ఇలా పడితే మొదటి వారంలోనే చేసుకోవాల్సినవి, మేం మూడో నెలలో గానీ చేసుకోనివి.

ముందు రాత్రుల సంగతి తేల్చుకోండి. హాస్పిటల్ నుంచి తెచ్చాక మొదటి పది రోజులు అమ్మా నేనూ ఇద్దరం రాత్రంతా మేలుకునే ఉన్నాం, ఇద్దరం పగలంతా తూలుతూ తిరిగాం. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే నడుం కింద, మడమల దగ్గర, చీలమండల దగ్గర చర్మం ఎర్రబడి రెండు మూడు రోజుల్లోనే పుండు పడొచ్చు, ఆ పుండు మానాలంటే నెలలు పడుతుంది. ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని తిప్పడం మానేయకూడదు. అయితే ఆ తిప్పడానికి ఇద్దరు మేలుకోనక్కర్లేదు. పది నుంచి రెండు వరకు అమ్మ, రెండు నుంచి ఆరు వరకు నేను అని వంతులు పెట్టుకున్నాం. వంతు లేనివాళ్ళు వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి, ఇది మాత్రం గట్టిగా పట్టుబట్టండి. "ఆయన మూలిగితే నాకు మెలకువ రాకుండా ఉంటుందా?" అని అమ్మ వారం రోజులు ఆ గదిలోనే కింద చాప వేసుకుని పడుకుంది, బీపీ పెరిగి ఒకరోజు బాత్రూమ్ దగ్గర కళ్ళు తిరిగి కూలబడ్డాక గానీ ఒప్పుకోలేదు.

మా చెల్లి డాలస్‌లో ఉంటుంది. రోజూ ఫోన్ చేసి ఏడ్చేది, నేను ఇక్కడ ఏం చేయలేకపోతున్నానని. ఒకరోజు విసుగొచ్చి, ఏడవడం కాదే, రాత్రి కాపలా కాయి అన్నాను. ఇక్కడ రాత్రి రెండంటే అక్కడ మధ్యాహ్నం కదా. పాత ఫోన్ ఒకటి నాన్న మంచం ఎదురుగా బీరువాకి ఆనించి వీడియో కాల్ ఆన్‌లో పెట్టేసేవాళ్ళం, చెల్లి తన పని చేసుకుంటూ ఒక కన్ను ఇటు వేసి ఉంచేది. నాన్న కదిలినా, తిప్పే టైమ్ అయినా నా ఫోన్ మోగించేది. నా వంతులో కూడా నాకు గంటన్నర, గంటన్నర నిద్ర దొరికింది. విదేశాల్లో ఉన్న అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని డబ్బు పంపే వాళ్ళుగా మాత్రమే చూడకండి, మందుల ఆర్డర్లు, రిపోర్టులు స్కాన్ చేసి దాచడం, డాక్టర్ అపాయింట్‌మెంట్లు, ఇవన్నీ అక్కడినుంచే చేయొచ్చు, వాళ్ళకీ కాస్త మనసు కుదుటపడుతుంది.

ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. టైమ్, ఏ పక్కకి తిప్పాం, ఏం తిన్నాడు, మోషన్ అయ్యిందా, ఏ మాత్ర వేశాం, అంతే, సాహిత్యం అక్కర్లేదు. మొదటిసారి చెకప్‌కి తీసుకెళ్ళినప్పుడు డాక్టర్ మోషన్ ఎప్పుడు అయ్యిందని అడిగితే అమ్మ ఒకటి చెప్పింది, నేనొకటి చెప్పాను, ఇద్దరం ఆయన ముందే గొడవపడ్డాం. పుస్తకం వచ్చాక ఇంట్లో సగం పోట్లాటలు తగ్గాయి. దానికి ఇంకో ఉపయోగం ఉందని తర్వాత తెలిసింది. ఏమీ మారట్లేదు అని నీరసపడిన రోజున నెల వెనక్కి తిప్పి చూశాను, మంచం అంచున నాలుగు నిమిషాలు కూర్చున్నాడు అని నా రాతే ఉంది, ఆ రోజు కుర్చీలో నలభై నిమిషాలు కూర్చుని టీవీ చూశాడు. కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆరు నెలలు దాటాక నెమ్మదిస్తుంది గానీ ఆగిపోదు, కాబట్టి ఫిజియోథెరపీని మాత్రం మధ్యలో వదలకండి.

ఇక పరామర్శకి వచ్చేవాళ్ళు. బత్తాయిలు, హార్లిక్స్ సీసా, వాటితోపాటు ఫలానా ఊళ్ళో ఫలానా ఆయనకి కూడా ఇలాగే వచ్చి పోయాడన్న కథ, ఆపైన ఎక్కడో ఆకు పసరు పోస్తారన్న చిట్కా. మూడు నెలలు కాఫీలు పెట్టి పెట్టి అమ్మ చేతులు అరిగిపోయాయి. తర్వాత ఒక పద్ధతి పెట్టాను. ఎవరైనా ఏమైనా సాయం కావాలా అనగానే, మొహమాటపడకుండా, అవును బాబాయ్, బుధవారం పదింటి నుంచి పదకొండున్నర దాకా నాన్న దగ్గర కూర్చుంటావా, అమ్మని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి అని రోజు, గంట చెప్పి అడగడం మొదలుపెట్టాను. ఏదైనా సాయం చేయండి అంటే ఎవరూ ఏమీ చేయలేరు, పని చెబితే చేస్తారు. ఇద్దరు ముగ్గురు ఆ తర్వాత రావడం మానేశారు, అదీ ఒక లాభమే. మిగిలినవాళ్ళలో ఎదురింటి ఆయన, నాన్నతో ఇరవై ఏళ్ళు మాటల్లేని మనిషి, ఇప్పటికీ ప్రతి మంగళవారం వచ్చి గడ్డం గీసి వెళ్తాడు.

మీ నడుం కాపాడుకోండి. చంకల కింద చేతులు పెట్టి ఎత్తడం, పడిపోయిన చేతిని పట్టుకుని లాగడం రెండూ తప్పే, మొదటిది మీ నడుముకి, రెండోది వాళ్ళ భుజానికి. మడత పెట్టిన దుప్పటి ఒకటి వీపు కింద ఎప్పుడూ ఉంచి, చెరో వైపు పట్టుకుని ఆ దుప్పటితో జరపాలి. ఈ చిన్న విషయం ఫిజియో చెప్పేలోపు నేను ఐదు రోజులు నడుం పట్టేసి నాన్న పక్క మంచం మీదే పడుకున్నాను, ఇద్దరికీ కలిపి అమ్మ చేసింది.

తిండి దగ్గర తొందర వద్దు. కూర్చోబెట్టే పెట్టాలి, తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. మింగడం సరిగా రానివాళ్ళకి మంచినీళ్ళే ఎక్కువ పొలమారతాయి, కాస్త చిక్కటి జావ సులువుగా దిగుతుంది, ఎంత చిక్కగా ఉండాలో డాక్టర్‌నో థెరపిస్ట్‌నో అడగండి. ఇక్కడే నాకు కోపం వచ్చేది. అరగంట కష్టపడి తినిపించిన రాగి జావ అంతా ఒక దగ్గుతో నా చొక్కా మీద పడ్డప్పుడు ఒకసారి, నిన్ను చూసుకోలేక చస్తున్నాను అని అరిచేశాను. నాన్న ఎడమ చేత్తో తువ్వాలు తీసి నా చొక్కా తుడవబోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇలాంటిది మీకూ జరుగుతుంది, జరగదని అనుకోవద్దు. కోపం గొంతు దాకా వచ్చిందని తెలియగానే గిన్నె కింద పెట్టి, మనిషిని జాగ్రత్తగా ఆనించి, వరండాలోకి వెళ్ళిపోండి, రెండు నిమిషాలు చాలు. అరిచేస్తే మాత్రం వెళ్ళి తప్పయిపోయింది నాన్నా అని మాటల్లోనే చెప్పండి, మనసులో అనుకుంటే వాళ్ళకి వినపడదు. మాట పోయినంత మాత్రాన అర్థం కాదనుకోవద్దు. మా నాన్న మొదట్లో నీళ్ళు కావాలన్నా బస్సు అనేవాడు, అమ్మని పిలవాలన్నా బస్సు అనేవాడు, కానీ మనం పక్కగదిలో ఖర్చుల గురించి మాట్లాడుకుంటే ఏ మాటకి కళ్ళు తుడుచుకోవాలో సరిగ్గా తెలిసేది.

ఆ కళ్ళనీళ్ళ గురించి ఒక మాట. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. తిననని మొండికేయడం, ఫిజియో వస్తే గోడవైపు తిరిగి పడుకోవడం పొగరు కాకపోవచ్చు, డాక్టర్‌కి చెప్పండి, మందులున్నాయి. చూసుకునేవాళ్ళకీ వస్తుంది. టెలి మానస్ అని ప్రభుత్వ ఫోన్ లైన్ ఉంది, నంబర్ 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. నేను ఒక తెల్లవారుజామున చేశాను, పావుగంట మాట్లాడాను, అవతలి అమ్మాయి సలహాలేమీ గుప్పించకుండా మీరు చివరిసారి ఎప్పుడు వేడి అన్నం తిన్నారండీ అని అడిగింది.

నన్ను ఎక్కువగా తిన్నది ఇంకొకటి ఉంది. ఆ పొద్దున నాన్న మూతి వంకరపోతే గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టాం. మెదడులో అడ్డుపడిన రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, మేం వెళ్ళేసరికి ఆరు గంటలు దాటింది. ఇది ఆరు నెలలు తలలో తిరిగింది. చివరికి డాక్టర్‌నే సూటిగా అడిగాను, ముందే తెచ్చి ఉంటే బాగయ్యేవాడా అని. చెప్పలేం, అవకాశం కాస్త ఎక్కువ ఉండేది అన్నారు. తీయటి జవాబేమీ కాదు, కానీ నాలో నేను వేసుకున్న శిక్ష కంటే చిన్నదే. అప్పటినుంచి మా వీధిలో దొరికిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను, మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట తడబడటం, ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి, నోట్లో ఏమీ పోయొద్దని.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. కంగారులో మూడు రూపాయల వడ్డీకి తేవొద్దు, అది లక్షకి ఏడాదికి 36,000. బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి, మామూలుగా రూపాయి లోపే పడుతుంది, ఇంట్లో బంగారం వెళ్ళిపోతోందన్న బాధ వడ్డీ కట్టే బాధ కంటే చిన్నది. పరిస్థితి స్థిరపడ్డాక, వైకల్యం ఎంతో తేల్చి ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్‌కి స్లాట్ పెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000, పక్షవాతంతో పూర్తిగా మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైనవాళ్ళకి 15,000. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 4,016. మాకేం ఖర్మ, పింఛనుకి వెళ్ళాలా అని అమ్మ అంది. డైపర్ల బిల్లు చూపించాను, ఇంక మాట్లాడలేదు.

ఇక అందరూ వద్దనే పని. వారంలో ఒక పూట సెలవు తీసుకోండి, ఇంట్లో నుంచి బయటికి, ఫోన్ పట్టుకుని అయినా సరే. మొదటిసారి నేను ఆదివారం మధ్యాహ్నం బయల్దేరి వీధి చివర టీ కొట్టు దగ్గరే గంటసేపు నిలబడ్డాను, ఇంకా దూరం పోవడానికి కాళ్ళు రాలేదు, మూడుసార్లు ఇంటికి ఫోన్ చేశాను. మూడోసారి అమ్మ ఎత్తి, పెరుగన్నం తిని పడుకున్నార్రా, నువ్వు ఫోన్ చేసి చేసి లేపేశావు అంది.