మంచు బరమా ఇంజను వేగం ఊగిసలాడుతుంటే: ముందు కార్బురేటర్, ఆ తర్వాతే గవర్నర్

గడ్డకట్టిన సరస్సు మీద చేపల కోసం రంధ్రం వేసే బరమాకు ఉండేది చిన్న ఇంజనే. పాత వాటిలో ఎక్కువగా 40, 50 సీసీ టూ స్ట్రోక్ కనిపిస్తుంది. ఇంత చిన్న ఇంజనును రిపేరుకు తెచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే గవర్నర్ (ఇంజను వేగం హద్దు దాటకుండా చూసే భాగం) స్ప్రింగును సాగదీసి ఉంటారు. బలం తగ్గింది కదా, వేగం పెంచితే సరిపోతుందని వారి లెక్క. స్ప్రింగ్ సాగదీస్తే గరిష్ఠ వేగం మీద ఉన్న అదుపు పోతుంది, బలం మాత్రం పెరగదు. బలం తగ్గడానికి కారణం చాలావరకు, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్‌లోనే దొరుకుతుంది.

అందుకే ముందు దొంగ ఎవరో తేల్చుకోవాలి. బరమా కడ్డీని విప్పి పక్కన పెట్టండి. యంత్రాన్ని ఆరుబయట గట్టిగా బిగించి స్టార్ట్ చేయండి. మూసిన షెడ్డులోగానీ మంచు మీది గుడారంలోగానీ వద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన రాకుండానే ప్రాణం తీస్తుంది. వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటే, థ్రాటిల్‌ను (ఇంజనులోకి వెళ్లే దారిని తెరిచి మూసే రేకు) గవర్నర్‌తో కలిపే లింకును చిన్న కర్రపుల్లతో కదలకుండా పట్టుకోండి. వేగాన్ని అప్పుడున్న దానికంటే పైకి మాత్రం పోనివ్వొద్దు. మోత నిలకడగా మారితే తప్పు గవర్నర్‌ది. లింకు కదలకపోయినా మోత ఊగుతూనే ఉంటే పెట్రోలు సరిగా అందడం లేదు, కార్బురేటర్ సంగతి చూడాలి.

కార్బురేటర్ స్క్రూల జోలికి వెళ్లే ముందు చేయాల్సిన చాకిరీ కొంత ఉంది. గత సీజన్ పెట్రోలు పారబోసి కొత్తది పోయండి. నూనె పాళ్లు ఇంజను పుస్తకంలో చెప్పినట్టే కలపాలి: 50:1 అయితే లీటరుకు 20 మి.లీ., 32:1 అయితే సుమారు 31 మి.లీ. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మంచుతో మూసుకుపోతే ఇంజను కాసేపు బాగా నడిచి ఆగిపోతుంది, దాన్నీ చూడండి. కార్బురేటర్ పక్క మూత విప్పితే డయాఫ్రమ్ అనే పల్చటి పొర కనిపిస్తుంది. వేళ్లతో పట్టుకుంటే అది మెత్తగా వాలిపోవాలి. ఎండుటాకులా గరగరలాడితే మార్చేయండి. గట్టిపడిన డయాఫ్రమ్‌ను ఏ స్క్రూ తిప్పీ బతికించలేం. లోపలి చిన్న జల్లెడను కూడా శుభ్రం చేయండి.

కొత్త ఇంజన్లు కొన్నింటిలో తిప్పడానికి స్క్రూలే ఉండవు, మరికొన్నింటిలో కొంతమేరకే తిరిగేలా మూతలు బిగించి ఉంటాయి. స్క్రూలు ఉన్నవాటిలో ‘ఎల్’ తక్కువ వేగానికి, ‘హెచ్’ ఎక్కువ వేగానికి. రెండింటినీ నెమ్మదిగా లోపలికి తిప్పి, అడ్డు తగిలీ తగలగానే ఆపండి. బలంగా బిగిస్తే స్క్రూ చివరి సూది మొన చుట్టూ గాడి పడుతుంది, ఇక ఎంత తిప్పినా సెట్టింగ్ నిలవదు. అక్కడి నుంచి పుస్తకంలో చెప్పినన్ని చుట్లు వెనక్కి తిప్పండి. పుస్తకం లేకపోతే ఒకటింపావు చుట్టుతో మొదలుపెట్టవచ్చు.

ఇంజను బాగా వేడెక్కాక, ఎయిర్ ఫిల్టర్ పెట్టే ఉంచి, ‘ఎల్’ చూడండి. లోపలికి తిప్పుతూ పోతే ఒకచోట వేగం పడిపోతుంది, బయటికి తిప్పుతూ పోతే మరోచోట పడిపోతుంది. ఆ రెండింటి నడుమ, కాస్త బయటివైపుగా ఆపండి. థ్రాటిల్ నొక్కగానే ఇంజను తడబడకుండా అందుకోవాలి.

‘హెచ్’ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. లోడ్ లేకుండా ఫుల్ థ్రాటిల్ నొక్కినా గవర్నర్ దాన్ని సగం మూసేస్తుంది. ఆ స్థితిలో చెవికి ఇంపుగా వినిపించే సెట్టింగ్, మంచులో దిగబడగానే దగా చేస్తుంది. అందుకని ఇంజను ఆపి కడ్డీ మళ్లీ బిగించి, మంచును తవ్వుతూ చూడాలి. తవ్వుతున్నప్పుడు మరొకరి చేత చోక్‌ను (గాలిని తగ్గించే మీట) వెంట్రుకవాసి లాగించండి. ఇంజను బలం పుంజుకుంటే పెట్రోలు చాలడం లేదని అర్థం. ఇంజను ఆపి, ‘హెచ్’ను అరపావు చుట్టు బయటికి తిప్పి మళ్లీ తవ్వండి. చోక్ కదపగానే నీరసించి పొగ చిమ్మితే పెట్రోలు సరిపోతోంది, లేదా ఎక్కువైంది. టూ స్ట్రోక్‌లో నూనె కూడా పెట్రోలుతోపాటే వెళ్తుంది కాబట్టి, పెట్రోలు తగ్గితే నూనే తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. కాస్త పొగ వచ్చినా నేను పెట్రోలు ఎక్కువవైపే మొగ్గుతాను. స్పార్క్ ప్లగ్ మొన లేత గోధుమ రంగులో ఉంటే సరే. తెల్లగా ఉంటే వెంటనే ఆపండి.

ఈ పని వెచ్చటి గదిలో ముగించొద్దు. మైనస్ 20 డిగ్రీల గాలి, 20 డిగ్రీల గాలి కంటే సుమారు 15 శాతం చిక్కన. లోపల సరిపోయిన పెట్రోలు బయట చాలదు.

ఇప్పుడు గవర్నర్. టూ స్ట్రోక్ బరమాల్లో తరచూ కనిపించేది గాలి రెక్క రకం. ఫ్లైవీల్ ఫ్యాన్ గాలి రెక్కను నెట్టి థ్రాటిల్‌ను మూస్తుంది, స్ప్రింగ్ తెరుస్తుంది. ఇంజను ఆపి రెక్కను వేలితో నెట్టి వదలండి, ఎక్కడా పట్టకుండా తనంతట తానే వెనక్కి రావాలి. మంచు, పొట్టు ఉంటే తీసేయండి. నూనె పూయొద్దు, దుమ్ము పట్టుకుంటుంది. స్ప్రింగ్ కొక్కెం ఉన్న రేకును కొద్దిగా వంచి బిగువు పెంచితే వేగం పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. దీనికి చెవిని నమ్మొద్దు. ప్లగ్ వైరుకు చుట్టే టాకోమీటర్ (ఇంజను వేగాన్ని కొలిచే మీటరు) పెట్టి, పుస్తకంలోని గరిష్ఠ వేగం దాటకుండా ఆపండి. దాటితే కనెక్టింగ్ రాడ్ విరిగి బయటికి రావచ్చు.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో గవర్నర్ సాధారణంగా లోపలే ఉంటుంది. వాటిలో ఇంజను ఆపి, గవర్నర్ లివర్ నట్టు వదులు చేసి, థ్రాటిల్‌ను పూర్తిగా తెరిచి పట్టుకుని, థ్రాటిల్ తెరిచేటప్పుడు లివర్ ఎటు తిరుగుతుందో గవర్నర్ షాఫ్టును అటే చివరిదాకా తిప్పి నట్టు బిగించాలి.

ఆఖరున ఐడ్లింగ్, అంటే థ్రాటిల్ నొక్కనప్పుడు ఇంజను నడిచే వేగం. చెయ్యి తీసేశాక కూడా కడ్డీ తిరుగుతుంటే ఐడిల్ స్క్రూను పావు చుట్టు చొప్పున వెనక్కి తిప్పండి. ఇంజను ఆగిపోయేంత తగ్గించినా కడ్డీ తిరుగుతూనే ఉంటే క్లచ్ విప్పి చూడండి, స్ప్రింగ్ సాగిపోయి ఉంటుంది.