రోమన్ సమాధి శాసనాలు చదవడం – 4వ పాఠం: పేరు మధ్యలో ఉండే హోదా

ఈ పాఠంలో సైనికుల ఫలకాలు మొదలుపెట్టవలసి ఉంది. అయితే పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక వాటిని పక్కన పెట్టి, పేర్ల దగ్గరికే తిరిగి రాక తప్పలేదు. పేరును బట్టి ఒక మనిషి పుట్టుకతో పౌరుడా, విముక్తుడా (అంటే విడుదలైన బానిసా), బానిసా అని తేల్చమన్న ఆ అభ్యాసంలోని ఫలకం రోమ్‌లోని విమినల్ కొండ మీద మాంసం కొట్టు నడిపిన ఒక వ్యాపారిది, అతని భార్యది. క్రీ.పూ. 1వ శతాబ్దానికి చెందిన ఆ రాయి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. విరిగిపోయిన అక్షరాలను పూరించి చదివితే భర్త పేరు ‘ఎల్ అవురేలియస్ ఎల్ ఎల్ హెర్మియా’ అని వస్తుంది. చాలామంది మధ్యలోని రెండు ఎల్‌లను తండ్రి, తాతల పేర్లుగా తీసుకుని అతన్ని పుట్టుకతోనే పౌరుడని తేల్చారు. మిగిలినవారు హెర్మియా అన్న గ్రీకు పేరును చూసి బానిస అని రాశారు. రెండు జవాబులూ తప్పే.

మన పేర్లలో ముందుండే పొడి అక్షరాలన్నీ ఒకే జాతివి కాబట్టి, రోమన్ పొడి అక్షరాలనూ అలాగే చదవాలనిపిస్తుంది. పైగా చెక్కినవాడు అన్నిటినీ పెద్దక్షరాలుగానే చెక్కాడు. నేను పాటించే అడ్డదారి ఒక్కటే: వంశనామం (ఇక్కడ అవురేలియస్) దాటగానే వచ్చే జంట అక్షరాలలో మొదటిది మనిషి, రెండవది సంబంధం. రెండవది ఎఫ్ అయితే కొడుకు, ఎల్ అయితే ఆ మనిషి విడుదల చేసిన విముక్తుడు. కనుక హెర్మియా పేరులోని మొదటి ఎల్ అతని సొంత పేరైన లూసియస్, రెండవది అతని మాజీ యజమాని అయిన లూసియస్, మూడవది ‘విముక్తుడు’. భార్య ఫిలెమేషియమ్ పేరులోనూ అదే జంట ఉంది. ఆమె మాటలుగా చెక్కిన పద్యంలో భర్త తన సహవిముక్తుడని స్పష్టంగా ఉంది. ఏడేళ్ల వయసులో తనను అతడే చేరదీశాడనీ, నలభై ఏళ్లకు మరణించాననీ కూడా ఉంది.

రోమన్ వక్త, రాజకీయ నాయకుడు సిసెరో పేరు పూర్తిగా రాస్తే ‘ఎమ్ టుల్లియస్ ఎమ్ ఎఫ్ కొర్ సిసెరో’ అవుతుంది. ఇందులోని ‘కొర్’ అతడు ఓటు వేసే కొర్నేలియా తెగ. క్రీ.పూ. 53లో అతడు విడుదల చేసిన కార్యదర్శి టైరో, యజమాని పేర్లు రెండూ తీసుకుని మార్కస్ టుల్లియస్ టైరో అయ్యాడు. శాసన పద్ధతిలో రాస్తే అతని పేరు మధ్యలో ‘ఎమ్ ఎల్’ రావాలి. ఏథెన్సులో విడుదలైన బానిస పరదేశిగానే మిగిలేవాడు; రోమ్‌లో మాత్రం పౌరుడైన యజమాని చట్టం ప్రకారం విడుదల చేస్తే అతడు పౌరుడే అయ్యేవాడు. ఓటు ఉండేది, పదవులు ఉండేవి కావు, మాజీ యజమానికి చేయవలసిన బాధ్యతలు తీరేవి కావు. విడుదల చేసింది స్త్రీ అయితే జంటలో మొదటి అక్షరం స్థానంలో తిరగేసిన సీ కనిపిస్తుంది.

ఇక నన్ను విసిగించే గ్రీకు పేర్ల సంగతి. బానిసకు పేరు పెట్టేది కొన్నవాడు లేదా అమ్మినవాడు. కాబట్టి సిరియా పిల్లవాడికైనా, గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) పిల్లవాడికైనా ఎరోస్ అని గ్రీకు పేరు పెట్టవచ్చు. గ్రీకు పేరు గ్రీకు పుట్టుకకు రుజువు కాదు, బానిసత్వానికీ రుజువు కాదు. విముక్తులలో చాలామంది తమ పిల్లలకు లాటిన్ పేర్లు పెట్టారు. గ్రీకు ప్రాంతాలలో స్వతంత్రులుగా పుట్టి, తరువాత పౌరసత్వం పొందినవారు తమ గ్రీకు పేర్లు వదులుకోలేదు. రోమ్‌లోని పోర్తా మజ్జోరె దగ్గర పెద్ద సమాధి కట్టించుకున్న రొట్టెల వ్యాపారి మార్కస్ వెర్గీలియస్ యూరిసాసెస్‌ను తీసుకోండి. అతని పేరు పక్కన ఎఫ్ లేదు, ఎల్ లేదు. పండితులలో ఎక్కువమంది అతన్ని విముక్తుడిగానే ఊహిస్తారు. మీ నోట్సులో మాత్రం ‘అనిశ్చితం’ అనే రాయండి. ఇలా హోదా చెప్పని ఫలకాలు సామ్రాజ్య యుగంలో ఇంకా పెరుగుతాయి. క్రీ.శ. 212లో కారకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వతంత్రులందరికీ దాదాపుగా పౌరసత్వం ఇచ్చాక, కొత్త పౌరులు అతని వంశనామమే తీసుకోవడంతో అవురేలియస్ అన్న పేరు కుప్పలుతెప్పలుగా కనిపిస్తుంది. అక్కడ ఆ వంశనామాన్ని బట్టి ఏదీ తేల్చకండి.

అభ్యాసం ఒక్కటే, కాస్త కష్టమైనదే. ఇటలీలోని అసిసి ఊరికి చెందిన ఒక వైద్యుడి శాసనంలో పేరు ‘పి డెకిమియస్ పి ఎల్ ఎరోస్ మెరులా’. అతడు స్వేచ్ఛ కోసం 50,000 సెస్టెర్సులు (రోమన్ నాణేలు), సెవిర్ అనే స్థానిక గౌరవపదవి కోసం 2,000, హెర్క్యులిస్ గుడిలో విగ్రహాలకు 30,000, వీధులకు రాళ్లు పరిపించడానికి 37,000 ఇచ్చానని చెక్కించాడు. పేరులోని ప్రతి అక్షరాన్నీ విడదీయండి. బానిస విలువలో 5 శాతం విడుదల పన్ను ఉండేదని గుర్తుంచుకుని, 50,000నే అతని విలువ అనుకుంటే ఆ పన్ను ఎంతో లెక్కకట్టండి. తన స్వేచ్ఛ వెలను దాచకుండా ఖర్చుల జాబితాలో మొదటే చెక్కించుకున్న ఈ మనిషి తన ఊరివాళ్లకు ఏమి చూపించదలచుకున్నాడో ఒక పేజీకి మించకుండా రాయండి. ‘గ్రీకువాడు’ అన్న మాట ఆ పేజీలో ఎక్కడా రాకూడదు.